క్రీజులో ఎవరున్నారప్పా?

2023 జూలైలో టమాటా సెంచరీ కొట్టిందని పేపర్లన్నీ మొదటి పేజీలో వేశాయి. బ్యాటు ఎవరి చేతిలో ఉందో మాత్రం రాయలేదు. ధర పడిపోయి, బండి కిరాయి కూడా గిట్టక పత్తికొండ రైతు అదే టమాటాను రోడ్డు పక్కన పారబోసినప్పుడు క్రికెట్లో తగిన మాట దొరకలేదు కాబోలు, ఆ వార్త జిల్లా పేజీ అడుగుకు పోయింది. 2021లో సెంచరీ దాటిన పెట్రోలు ఇంకా నాటౌట్.

ఆదోని, ఎమ్మిగనూరుల్లో ఇప్పుడు ఏ సంగతైనా 'ముఖ్యం' అంటే ఎవరూ తల తిప్పి చూడరు, క్రికెట్ భాషలో చెప్పాల్సిందే. మున్సిపల్ ఎన్నికలు సెమీఫైనల్. టికెట్టు దక్కితే సిక్సర్, దక్కకపోతే క్లీన్ బౌల్డ్. మొన్న ఉగ్గాని హోటల్లో బజ్జీ కొరుకుతూ ఒకాయన, "మావోళ్లు స్లాగ్ ఓవర్ల కోసం కాసుకోని ఉండారప్పా" అన్నాడు. "ముందు ప్యాడ్లు కట్టుకోమనప్పా" అన్నాడు పక్కాయన.

పెద్దలే నేర్పారు ఈ భాష. 2024 ఎన్నికల్లో ఒక పార్టీ 175 సీట్లు టార్గెట్ అని దిగింది; లెక్క తేలేసరికి సరిగ్గా ఒక టీముకు సరిపడా మిగిలారు. ఇంకోవైపు వాళ్లు తమ హామీలను 'సూపర్ సిక్స్' అన్నారు. 1999 ప్రపంచకప్పులో ఆ పేరుతో ఒక దశ ఉండేది, 2007కల్లా అది సూపర్ ఎయిట్ అయింది. హామీలదీ అదే దారి.

వీటన్నిటికీ పెద్దన్న 'గేమ్ ఛేంజర్'. పోలవరం-బనకచర్ల అనుసంధానం గేమ్ ఛేంజర్ అన్నారు ముఖ్యమంత్రి. మంచిదే. మరి మా వైపు వేదవతి, గుండ్రేవుల, ఆర్డీఎస్ కుడికాలువ ప్రాజెక్టులు? ప్యాడ్లు కట్టుకొని పెవిలియన్లోనే ముసలివైపోతున్నాయి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు దిగువ కాలువ రైతుకు ఆట నిజంగానే మారింది. ఆ మాట ఆ రాత్రి ఎవరి నోటా రాలేదు. నీళ్లు లేని పల్లెలు ఇళ్లకు తాళాలేసుకొని గుంటూరు మిరప కోతకు పోతాయి. దాన్ని 'అవే మ్యాచ్' అన్న వ్యాఖ్యాతా లేడు.

ఆదోని పత్తి యార్డులో అయితే థర్డ్ అంపైర్ కూడా ఉన్నాడు. పేరు తేమ మీటరు. పొడవు పింజకు 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 12 శాతం దాటిందా, భారత పత్తి సంస్థ సీసీఐ కొనదు, రైతు అవుట్. రివ్యూ అడిగే సౌకర్యం లేదు. ఈలోపు ప్రైవేటు వ్యాపారి క్యాచ్ పట్టేసి ఉంటాడు.

ఇంత దూరం పోయి మాటలు అరువు తెచ్చుకోవడం దేనికో నాకర్థం కాదు. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో ఎద్దుల బండలాగుడు మనకుంది కదా! పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్లు అని విభాగాలున్నాయి. తాత సీటులో తొలిసారి నిలబడే వారసుణ్ణి 'పాలపళ్ల విభాగం' అని రాస్తే ఎంత కచ్చితంగా ఉంటుంది! మూడు కండువాలు మార్చినాయన సీనియర్ విభాగం. అన్నట్టు, ఎద్దును బరిలోకి వదిలేముందు నోరు తెరిచి పళ్లు చూస్తారు. మన నాయకులు నోరు తెరవడానికి ఎప్పుడూ సిద్ధమే, చూసే నాథుడే లేడు.

బండలాగుడులో నాకు నచ్చేది ఇంకొకటుంది. మైకులో ఎంత అరిచినా, ఈలలెన్ని వేసినా, ఇచ్చిన సమయం అయిపోగానే టేపు పెట్టి బండ ఎన్ని అడుగులు కదిలిందో కొలుస్తారు. బహుమతి ఆ కొలతకే. ఈసారి ఎవరైనా మీ ఊరికొచ్చి గేమ్ ఛేంజర్ అంటే చప్పట్లు తర్వాత కొట్టండి, ముందు టేపు తీసుకొని పోండి.