ఒప్పుకోలు ఖరీదు ఆరు లక్షల డాలర్లు

తప్పు చేసి కోర్టు బోనెక్కితే వకీలు ఫీజు మన జేబులోంచే పోతుంది. అదే టీవీ సోఫా ఎక్కితే ఎదురు డబ్బిస్తారు. ఈ కిటుకు రిచర్డ్ నిక్సన్‌గారికి 1977 నాటికే బోధపడింది.

వాటర్‌గేట్ కుంభకోణం, దాన్ని కప్పిపుచ్చే ప్రయత్నాల పుణ్యమా అని 1974 ఆగస్టులో ఆయన అమెరికా అధ్యక్ష పదవికి రాజీనామా చేశారు. నెల తిరిగేసరికి, కుర్చీలో కూర్చున్న ఫోర్డ్‌గారు క్షమాభిక్ష పెట్టేశారు. ఇక విచారణా లేదు, శిక్షా లేదు. కాలిఫోర్నియా సముద్రతీరాన జ్ఞాపకాలు రాసుకుంటున్న మాజీగారి దగ్గరికి ఇంగ్లండ్ నుంచి టీవీ వ్యాఖ్యాత డేవిడ్ ఫ్రాస్ట్ చెక్‌బుక్కుతో దిగాడు. ఇంటర్వ్యూకు ఆరు లక్షల డాలర్లు, పైన లాభాల్లో ఐదో వంతు. డబ్బులిచ్చి వార్త కొంటారా, ఛీఛీ అని అమెరికా పెద్ద చానెళ్లు ముక్కు మూసుకున్నాయి. వాటిలో ఒకటి అంతకుముందు ఇదే నిక్సన్ కోసం బేరం ఆడి, ధర గిట్టక తప్పుకుంది లెండి. చివరికి స్పాన్సర్లుగా దొరికిన వాళ్లలో కుక్కల తిండి అమ్మే కంపెనీ ఒకటి. ప్రజాస్వామ్యాన్ని కాపాడే భారం ఒక్కోసారి ఎవరి మీద పడుతుందో చెప్పలేం.

ఈ కథనే పీటర్ మోర్గన్ ముందు నాటకంగా రాశాడు. రాన్ హోవార్డ్ 2008లో ‘ఫ్రాస్ట్/నిక్సన్’ పేరుతో సినిమా తీశాడు. మంచి సినిమానే, కాదనను. నిక్సన్‌గా ఫ్రాంక్ లాంజెలా భుజాలు ముందుకు వంచి, గొంతు కీచుమనకుండా గర్జించిన తీరు చూస్తే అసలాయన మీద కూడా జాలేస్తుంది. అక్కడే వచ్చింది చిక్కు.

ప్రీ క్లైమాక్సులో ఒక సీనుంది. అర్ధరాత్రి తాగిన మత్తులో నిక్సన్ హోటల్లో ఉన్న ఫ్రాస్ట్‌కు ఫోన్ చేసి, పెద్దింటి బిడ్డలు మనిద్దర్నీ చిన్నచూపు చూశారంటూ గుండె విప్పుకుంటాడు. దాంతో హీరోకు కసి పుడుతుంది, రాత్రింబవళ్లు ఫైళ్లు తిరగేస్తాడు, చివరి ఇంటర్వ్యూలో విలన్‌ను చిత్తు చేస్తాడు. మన దగ్గర తీస్తే ఇక్కడో పాట కూడా పడేది. విమర్శకులు మెచ్చిన సీను, నటుడికి పేరు తెచ్చిన సీను. కాకపోతే అలాంటి ఫోనే రాలేదు. పూర్తిగా కల్పితం.

అధ్యక్షుడు చేశాడంటే అది చట్టవిరుద్ధం కాదన్న మాట మాత్రం ముమ్మాటికీ నిక్సన్‌దే. అయితే నిజం ఇంటర్వ్యూలో ఆ ముత్యం రాలింది వాటర్‌గేట్ దగ్గర కాదు, యుద్ధ వ్యతిరేకుల మీద నిఘా, దొంగచాటు సోదాల ప్రస్తావనలో. డైలాగు పేలాలి కాబట్టి దర్శకుడు దాన్ని క్లైమాక్సుకు బదిలీ చేశాడు. అధికార బదిలీల కంటే ఇదే నయం.

అసలు ఘనకార్యం ఇంకొకటుంది. సినిమాలో నిక్సన్ కప్పిపుచ్చే వ్యవహారంలో తన చేయి ఉందన్నట్టు ఒప్పుకుంటాడు. ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకుంటాడు. వాటర్‌గేట్ రోజుల్లో ఆ వార్తలు రాసిన పాత్రికేయురాలు ఎలిజబెత్ డ్రూ అసలు ఇంటర్వ్యూ మాటలు తీసి చూపించింది: చట్టవిరుద్ధంగా కప్పిపుచ్చడంలో నేను పాలుపంచుకున్నానని నాతో అనిపించాలని మీ ఆశ, కాదు! అన్నాడట ఆయన. ప్రజలను నిరాశపరిచానన్నాడు, ఆ బరువు జీవితాంతం మోస్తానన్నాడు. ఆరు లక్షల డాలర్లకు ఆ మాత్రం తడి కళ్లు న్యాయమే. నేరం ఒప్పుకోవడం మాత్రం ప్యాకేజీలో లేదు. వాటర్‌గేట్ భాగాన్ని 1977 మే 4న నాలుగున్నర కోట్ల మంది చూశారు. ముప్పై ఏళ్ల తర్వాత సినిమా చూసినవాళ్లకు ఆ ‘కాదు’ వినపడలేదు.

మాటలు మాయమవడం ఈ కథలో కొత్తేం కాదు. నిక్సన్‌గారు తన ఆఫీసులో సంభాషణలు రికార్డు చేయించిన టేపుల్లో ఒకదానిలో పద్దెనిమిదిన్నర నిమిషాలు చెరిగిపోయాయి. ఫోన్ ఎత్తబోతూ పొరపాటున పెడల్ మీద కాలేశానని, అందులో కొన్ని నిమిషాల వరకు ఆయన సెక్రటరీ తప్పు నెత్తిన వేసుకుంది. సినిమాలో పోయిన ఆ ఒక్క మాట మీద ఎవరి కాలు పడిందో, రాని ఫోన్ ఎత్తబోయి ఎవరు తడబడ్డారో హాలీవుడ్ ఇంకా సంజాయిషీ ఇవ్వాల్సి ఉంది.