రాని క్రేనుకు టీకా తాత్పర్యము

మూలము:

"గౌరవనీయ వినియోగదారా! మీ వాహనమునకు రహదారి సహాయము విజయవంతముగా అందించబడినది. రుసుము రూ. 1,180 సర్దుబాటు చేయబడినది. మాతో ప్రయాణించినందుకు ధన్యవాదములు."

అవతారిక:

కవి అజ్ఞాతుడు. కావ్యం నా సెల్లులో అవతరించిన వేళ రాత్రి తొమ్మిదీ ఇరవై. అప్పుడు నేను కోయిలకుంట్లలో మా ఇంటి అరుగు మీద కూర్చొని కాళ్లకు పట్టిన రేగడి మట్టిని పుల్లతో గీక్కుంటున్నాను. కారు వాకిట్లో ఉంది. దాని ముందర కొక్కేనికి కట్టిన మోకు ఇంకా విప్పలేదు. ఆ మోకు క్రేనుది కాదు, ట్రాక్టరుది. ట్రాక్టరాయన నా పక్కనే టీ తాగుతున్నాడు.

జరిగినది ఇంతే. అక్టోబరు నెల, సెనగ విత్తే అదను. జమ్మలమడుగులో పెండ్లి చూసుకొని వస్తుంటే నొస్సం దాటినాక కారు నిలబడిపోయింది. పైన తుంపర, పక్కన నల్లరేగడి. ఇన్సూరెన్సు కట్టేటప్పుడే, బండి దోవలో నిలిచిపోతే వచ్చి ఆదుకునే సదుపాయం కూడా మావాడు బెంగళూరు నుంచే కొనిపెట్టాడు. ఆ నంబరుకు ఫోన్ చేశాను.

"లొకేషన్ చెప్పండి సార్."

"కోయిలకుంట్ల దోవలో."

"కోయిల్... ఏ స్టేట్ సార్?"

చెప్పాను. దగ్గర్లో గుర్తు ఏదన్నా ఉందా అని ఫోనెత్తిన అమ్మాయి అడిగింది. సెనగ చేను ఉందన్నాను. ఇంకేదన్నా? ఇంకో సెనగ చేను ఉంది. క్రేను నంద్యాల నుంచి రావాలనీ, నేనున్న చోటు ఉచిత పరిధి దాటిందనీ, అదనపు దూరానికి 1,180 రూపాయలు ముందే కట్టాలనీ చెప్పి లింకు పంపింది. కట్టాను. తుంపరలో తడుస్తున్నవాడు లింకును శంకించడు. "ముప్పై నిమిషాల్లో వస్తుంది సార్" అనే వాక్యాన్ని ఆ తర్వాత మూడు గంటల్లో నాలుగుసార్లు విన్నాను. మా ఊరి పేరులో కోయిల ఉంది, కుంట ఉంది, క్రేను లేదు.

ఇంక వ్యాఖ్య.

మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ కోలాచల మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ ప్రతిన పట్టాడు. ఆయన మూలంలో మేఘమన్నా ఉంది. నా మూలంలో ఉన్నదంతా జరగనిదే. కాబట్టి ఆ ప్రతిన నాకు చెల్లదు.

పాఠాంతరములు:

బ్రౌను దొర కడపలో ఉన్న కాలంలో తెలుగు కావ్యాల తాళపత్ర ప్రతులు తెప్పించి, పండితుల చేత సరిపోల్చి, పాఠం తేల్పించేవాడు. ఆ పద్ధతినే పాటిస్తే ఈ కావ్యానికి మూడు ప్రతులు దొరికాయి. మెసేజీ ప్రతిలో "అందించబడినది". యాప్ ప్రతిలో "కంప్లీటెడ్". ఇక మౌఖిక సంప్రదాయంలో, అంటే ఫోనెత్తిన అమ్మాయి నోట, "టికెట్ క్లోజ్ అయింది సార్". మూడోదే ప్రాచీన పాఠమని నా నిర్ణయం. ఎవరో ఎక్కడో కూర్చొని ఒక టికెట్టు మూశారు. లేఖకులు దాన్ని ఎత్తి రాసేటప్పుడు సహాయంగా దిద్దారు.

ప్రతిపదార్థము:

వినియోగదారా = వినియోగించువాడా అని రూఢి; వినియోగింపబడువాడా అని ధ్వని. చివరనున్న "దారు" ఫారసీ నుంచి దిగినది, జమీందారుకు జ్ఞాతి. ఆ దర్పం ఈ శాఖకు అందలేదు.

రహదారి సహాయము = ఇచట సమాసము విచార్యము. రహదారియందు సహాయమని సప్తమీ తత్పురుషగా కవి తలచాడు. రహదారి యొక్క సహాయమని షష్ఠిగా విప్పుకుంటే తప్ప అర్థం కుదరదు. ఎందుకంటే నాకు సహాయం చేసింది ఆ రోడ్డే. గొర్రు తగిలించుకొని చేను నుంచి ఇంటికి పోతున్న ట్రాక్టరును అది నా ముందుకు తెచ్చింది. "ఏం సార్, బండి మొండికేసిందా? మోకుండాది, కట్టుకుందాం పట్టు" అని ఆయన దిగాడు. దిగువలో బురద. మోకు నేనే ముడి వేయబోతే, "అది పెండ్లి ముడి సార్, ఊడిపోతాది" అని లాగేసుకున్నాడు.

విజయవంతముగా = క్రియావిశేషణము. ఎవరి విజయము? రూ. 1,180 పోయినవానిది కాదని మాత్రం తెలుస్తున్నది.

అందించబడినది = ఇదే ఈ కావ్యానికి ప్రాణం, ఇక్కడే వ్యాఖ్యాత ఆగాలి.

మెసేజీ రాగానే ట్రాక్టరాయనకు చదివి వినిపించాను. ఆయన గ్లాసు కింద పెట్టి ఒకటే అడిగాడు: "ఎవురిచ్చినారంట?"

ముప్పై ఏండ్లు తెలుగు పాఠం చెప్పిన నాకు తట్టని ప్రశ్న అది. నేను అక్కడ "సహాయము" అన్న మాట దగ్గర కోపంగా కూర్చున్నాను. ఆయన సూటిగా కర్త దగ్గరకు పోయాడు. ఈ వాక్యంలో కర్మ ఉంది, క్రియ ఉంది, సంప్రదానం ఉంది, ఇచ్చినవాడు లేడు. తెలుగువాడు నోటితో మాట్లాడేటప్పుడు "బడు" వాడడు. "అన్నం వండబడింది, తినండి" అని ఏ ఇంట్లోనూ పిలవరు. చేసిన మనిషిని దాచాలన్నప్పుడో, చేసిన మనిషే లేనప్పుడో "బడు" వస్తుంది. ఆఫీసు కాగితాల్లో అది అంతగా ఎందుకు పెరిగిందో ఆ రాత్రి నాకు బోధపడింది.

రుసుము సర్దుబాటు చేయబడినది = మా సీమలో లెక్క అంటే డబ్బే. "లెక్క ఇచ్చినావా?" అంటే రూకలు ఇచ్చావా అని. డబ్బునూ దాని గణనాన్నీ ఒకే మాటలో కట్టేసిన నేల ఇది. సర్దుబాటు అన్న మాట ఆ ముడి విప్పేస్తుంది: లెక్క వాళ్లకు పోతుంది, లెక్క మనకు తేలదు.

ప్రసంగవశాత్తూ ఒక మాట. ఈ ఊరికి లెక్కల తగాదా కొత్త కాదు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి నెలకు రావలసిన తవర్జీ (భరణం) 11 రూపాయల 10 అణాల 8 పైసలు. 1846లో అది కోయిలకుంట్ల ఖజానాలోనే ఆగింది. అడగబోయిన మనిషికి అవమానం జరిగింది. ఆ జులైలో ఆయన ఖజానా మీదికే వచ్చాడు. 1847 ఫిబ్రవరి 22న ఆయనను ఉరితీసింది కూడా ఇక్కడే. ఆయన పేరు పక్కన నా 1,180 పెట్టడం లేదు. పైసల దాకా పలకడం ఈ మట్టికి అలవాటని చెప్పడానికే ఇదంతా.

మాతో ప్రయాణించినందుకు = సహార్థమున తృతీయ. ఎవరితో ప్రయాణించానో వాకిట్లో ఉన్న మోకును అడగవచ్చు.

అలంకారము:

కారణం లేకుండా కార్యం పుడితే విభావన. సేవ లేదు, రుసుము పుట్టింది: విభావన. కారణం ఉండీ కార్యం పుట్టకపోతే విశేషోక్తి. ఫోనూ చేశాను, లెక్కా కట్టాను, క్రేను రాలేదు: విశేషోక్తి. రెండూ ఒకే చోట కలిసిన లక్ష్యం కోసం ఆలంకారికులు వెతుక్కోవలసి వచ్చేది. నాకు ఊరికే, కాదు, 1,180కి దొరికింది.

వాదము:

మర్నాడు కంపెనీ పైఅధికారి ఒకాయన ఫోన్లో దొరికాడు. ఆయన మీమాంసకుడు. పగలు భోంచేయని దేవదత్తుడు లావుగా ఉన్నాడంటే రాత్రి తింటున్నాడన్నమాట అని అర్థాపత్తి చెబుతారు కదా, అదే ధోరణి: "సిస్టంలో చార్జీ పడింది సార్, అంటే సర్వీసు జరిగినట్టే." నేను అనుపలబ్ధి చెప్పాను. కుండ నేల మీద ఉంటే కనబడాలి; కనబడలేదు కాబట్టి లేదు. క్రేను కుండకన్నా పెద్దది. ఆయన వినలేదు.

అప్పుడు ట్రాక్టరాయన ప్రశ్న వేశాను. ఎవరిచ్చారు? క్రేను నంబరు ఎంత, డ్రైవరు ఎవరు, ఎన్ని గంటలకు నొస్సం చేరాడు, బండిని ఎక్కడ దించాడు, నా సంతకం ఏ కాగితం మీద ఉంది, ఎక్కించేటప్పుడు తీసిన ఫొటో ఏది? ఫోన్లో కాసేపు వీణ మోగింది. ఆ తర్వాత లైను కట్టయింది.

ఇవే ఆరు ప్రశ్నలు మెయిలులో రాసి పంపాను. బ్యాంకుకు పోయి ప్రయోజనం లేదని అప్పటికే తెలిసింది. డబ్బు దొంగలు లాక్కోలేదు, నా వేలితో నేనే నొక్కి పంపాను. మిగిలింది 1915, వినియోగదారుల హెల్ప్‌లైను. తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదును కంపెనీకి పంపారు.

శాస్త్రప్రమాణం ఏమిటంటే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. సేవాలోపం అన్న మాటకు అందులో నిర్వచనం విశాలం: చేయవలసింది చేయకపోవడమూ లోపమే, చెప్పవలసిన సమాచారం కావాలని దాచడమూ లోపమే. అంటే కర్తను దాచడం కూడా! 1986 నాటి పాత చట్టం ప్రకారమైతే కంపెనీ వ్యాపారం చేసే చోటికో, వివాదం పుట్టిన చోటికో పోయి దావా వేయాలి. ఇప్పుడు ఫిర్యాదుదారు కాపురమున్న చోటే వేయొచ్చు, 34వ సెక్షను. 5 లక్షల లోపు విలువకు జిల్లా కమిషన్లో రుసుము లేదు. గడువు రెండేండ్లు. 1,180కి కమిషన్ దాకా పోతారా అని మావాడు నవ్వాడు. బస్సు చార్జీ చూస్తే వాడి మాట నిజమే. కానీ ఆ మెయిలు చివర సెక్షను నంబరు రాసినప్పుడు కలిగిన సుఖానికి బస్సు చార్జీ తక్కువే.

ఉత్తరభాగము:

పందొమ్మిదో రోజున రెండో కావ్యం వచ్చింది.

"మీ కోరిక మేరకు సేవ రద్దు చేయబడినది. రూ. 1,000 వాపసు చేయబడినది."

పూర్వోత్తర విరోధము స్పష్టము. విజయవంతంగా అందినదాన్ని రద్దు చేయడం ఎట్లా? మొదటి కావ్యంలో పుట్టిన సేవ రెండో కావ్యంలో పుట్టకముందే చచ్చింది. ప్రాగభావమూ ప్రధ్వంసాభావమూ నడుమ వస్తువు లేకుండానే కలుసుకున్నాయి. నైయాయికులు దీన్ని ఒప్పుకోరు. "మీ కోరిక మేరకు" అన్నది మాత్రం కవిసమయం, హంస పాలూ నీళ్లూ వేరుచేసినట్టు.

పోయింది 1,180. వచ్చింది 1,000. నడుమనున్న 180 పన్ను, నూటికి పద్దెనిమిది. సేవ లేదని వాళ్లే ఒప్పుకున్నారు, సేవ మీది పన్ను మాత్రం నిలిచింది. మనిషి లేకుండా నీడ నడుస్తున్నది. జీఎస్టీ చట్టంలో దీనికీ దోవ ఉంది: అమ్మినవాడు క్రెడిట్ నోటు రాసి పన్ను తగ్గించుకోవచ్చు. ఆ సెక్షనూ 34వదే. యమకం కుదిరింది. అది కూడా రాసి పంపాను.

నిన్న సాయంత్రం ట్రాక్టరాయన మోకు కోసం వచ్చాడు. పందొమ్మిది రోజులు మా ఇంట్లోనే పెట్టుకున్నానని నాకు సిగ్గయింది. ఆ రాత్రే డీజిలుకు లెక్క ఇయ్యబోతే, "యాల సార్, ఇంటికొచ్చే దోవే కదా" అని చేయి వెనక్కు తీసుకున్న మనిషి. నిన్న కూడా టీ మాత్రం తాగాడు. తాగుతుండగా సెల్లు మోగింది.

"మీ ఫిర్యాదు నమోదు చేయబడినది."

చదివి వినిపించాను. మోకు చుట్ట భుజానికి తగిలించుకుంటూ ఆయన నా వైపు చూశాడు.

"ఎవురు చేసినారంట సార్?"

రేపు పొద్దున పదికి ఆఫీసు తెరుస్తారు. ఫోన్ చేసి అడగాల.