ఊరు కట్టి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఊరు కట్టి చూడు అని మాత్రం అనలేదు. అందుకే కాబోలు, ఇప్పుడు ప్రతివాడికీ అది సులువైన పనిలా కనబడుతోంది. ఒక లేఅవుటు గీయడం, వరసగా స్లాబులు పోయడం, బోర్డు పాతడం, ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి రిబ్బను కత్తిరించడం. ఊరైపోయింది! అక్కడ ఉప్పెక్కడ దొరుకుతుంది, అర్ధరాత్రి జ్వరమొస్తే ఎవరు మోసుకుపోతారు, మొదటి పంట చేతికొచ్చేదాకా అరువెవరిస్తారు అని అడిగితే, "అవన్నీ తర్వాత చూస్తార్లే తాతయ్యా" అంటాడు మా మనవడు. వాడు ఇంజనీరు.

మాది బూర్గంపాడులో ఉప్పూ బియ్యం కొట్టు. కిన్నెరసాని వచ్చి గోదావరిలో కలిసే ఊరు కాబట్టి, సరుకు రావాలన్నా పోవాలన్నా ఏటినే నమ్ముకున్నవాళ్లం. ఊరెలా నిలబడుతుందో నేను పుస్తకంలో చదవలేదు, బస్తాలు దింపించుకుంటూ నేర్చుకున్నాను.

దుమ్ముగూడెం సంగతే చూడండి. ఇప్పటి పిల్లలకు అది చేపలు పట్టే చోటు, ఫోటోలు దిగే చోటు. అసలక్కడ 1860ల్లో దొరలు ఒక ఊరే దింపారు. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టి ఊరుకోలేదు. గోదావరి మీద పైకంటా పడవలు నడిపి, బేరారు పత్తిని కాకినాడ రేవుకు దించాలన్నది ఆయన పట్టు. అమెరికాలో అంతర్యుద్ధమొచ్చి ఇంగ్లండు మిల్లులకు పత్తి కరువైన రోజులవి. ఏటికి అడ్డంగా మూడు చోట్ల రాతి మెరకలున్నాయి. మొదటిది దుమ్ముగూడెం, తర్వాత ఇచ్చంపల్లి, ఆ పైన దేవలమర్రి. మొదటిదాని దగ్గర ఆనకట్ట, కాలువ, లాకులు కట్టే పని హేగ్ అనే దొరకు అప్పగించారు. గోదావరికి అవతలి ఒడ్డును నిజాం 1860లో ఇంగ్లీషువాళ్లకు వదులుకున్నాడు గనక అక్కడ వాళ్లదే రాజ్యం.

రాజ్యముంటే సరిపోతుందా? తినేదెక్కడ? చుట్టూ కోయగూడేలు. వాళ్ల జొన్నలు వాళ్లకే చాలీచాలని రోజులు. కూలీలు దిగువ నుంచి రావాలి, వాళ్ల బియ్యమూ దిగువ నుంచే రావాలి. పడవలు పాపికొండల ఇరుకులో ఎదురు నీటికి ఎక్కాలి. అదీ ఏట్లో నీళ్లుండే అయిదారు నెలలే. ఎండాకాలం రాళ్లు తేలితే రాజమండ్రి ఎక్కడో, దుమ్ముగూడెం ఎక్కడో. చలి మొదలవగానే మన్యం జ్వరం. కూలీ పడ్డాడంటే వాడి పక్కవాడు మూట సర్దుకునేవాడు. లండన్ నుంచి డబ్బు రావచ్చు, మద్రాసు నుంచి ఉత్తర్వు రావచ్చు. జ్వరం పడ్డ మనిషికి గంజి కాచి పోసేవాడు ఏ ఉత్తర్వుతో వస్తాడు? అంతలో 1867కల్లా బొంబాయి రైలు నాగపూరు చేరింది. పత్తి రైలెక్కింది. 1871లో పని ఆపేశారు.

ఒక్క మాట. పోయినవాళ్లు పోగా మిగిలినవాళ్లెవరో చూడండి. హేగ్ దొర పూనికతో మొదలైన కోయల మిషను మిగిలింది. 1870ల్లో వచ్చిన జాన్ కెయిన్ అనే పాదిరీ అక్కడే ఏళ్ల తరబడి ఉండి, ఇక్కడి కోయల మాటా మర్యాదా రాసిపెట్టాడు. ఆయన ఉండగలగడానికి కారణం భక్తి అని మా మనవరాలంటుంది. కావచ్చు. సంతలో దొరికేది తిని, ఊళ్లో మనుషులతో కలిసి బతకడం నేర్చుకున్నాడు గనక అని నేనంటాను.

మా ఒడ్డు సంగతి వేరు. ఇటు నిజాం, అటు మద్రాసు. ఇటు హాలీ సిక్కా, అటు కంపెనీ రూపాయి. మధ్యలో ఏరు. అవతల నుంచి ఉప్పు బస్తా తేవాలంటే కరోడ్‌గిరీ వాళ్లకు సుంకం కట్టాలని మా నాన్న చెప్పేవాడు. ఆ ఉప్పు కోసమే కోయవాళ్లు చింతపండూ ఇప్పపువ్వూ నెత్తినెత్తుకుని అడవి దాటి వచ్చేవాళ్లు. బేరం న్యాయంగా జరిగేదని నేననను. నాగు వడ్లు తీసుకున్నవాడు కోతల నాడు ఎంత కొలిచి పోసినా బాకీ తీరేది కాదు. దిగువన కొండరెడ్లను వెదురు షావుకార్లు అప్పుల్లో ఎలా బిగించారో ఆస్ట్రియా నుంచొచ్చిన హైమండార్ఫ్ దొర 1945లో పుస్తకమే రాశాడు. తర్వాత గిరిజన సహకార సంస్థ డిపోలు వచ్చాయి. కిరోసిను, ఉప్పు, బియ్యం తూకం ప్రకారం ఇచ్చి, చింతపండు తూకం ప్రకారం కొన్నారు. మా కొట్టు గిరాకీ సగానికి పడిపోయింది. తిట్టుకున్నాం. అయినా అది సరైన పనే, అడవిలో మనిషి నిలవాలంటే ముందు చేయాల్సిన పని.

1965లో భద్రాచలం వంతెన పడింది. రాష్ట్రపతి రాధాకృష్ణన్ వచ్చి తెరిచారు. దాంతో ఏటి పడవల పని అయిపోయింది. తెరచాపలు, తాడు పట్టి ఒడ్డున లాక్కుపోయేవాళ్లు, లాంచీ సరంగుల కేకలు, అన్నీ పోయాయి. లారీ వచ్చింది. దోమల మందు కొట్టేవాళ్లు అప్పటికే రావడంతో జ్వరం కొంచెం తగ్గింది, కోస్తా నుంచి రైతులు దిగారు. వాళ్లను నేను మెచ్చుకుంటాను, తిడతాను కూడా. మెచ్చుకోవడం ఎందుకంటే, ముందు ఒక మనిషి వచ్చి నీళ్లు చూసేవాడు, తర్వాత ఎడ్లు, ఆ తర్వాత ఒక కుటుంబం, వంటావిడ కుదురుకున్నాక మిగతావాళ్లు. ఊరు అలా దిగాలి. తిట్టడమెందుకంటే, దిగిన నేల చాలామటుకు కోయవాళ్లది. గిరిజనుల భూమి ఇతరుల చేతికి పోకూడదన్న 1/70 చట్టం వచ్చాక కూడా కాగితాలు ఎన్ని వేషాలు వేశాయో ఇక్కడివాళ్లందరికీ తెలుసు.

సారపాకలో కాగితం మిల్లు 1979లో ఉత్పత్తి మొదలెట్టింది. కంపెనీ కాలనీ, క్వార్టర్లు, గేటు. ఆ కాలనీవాళ్లకు లోటు లేదు, గేటు బయటివాళ్లకు ధరలు పెరిగాయి. అంతకన్నా చెప్పేదేమీ లేదు.

ఇక ఈ కాలం. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం గొడవలకు తట్టుకోలేక గుత్తికోయలు మా అడవుల్లోకి వచ్చారు. వాళ్లకు ఎవరూ లేఅవుటు గీయలేదు. చెలమ తవ్వుకున్నారు, పాకలు వేసుకున్నారు, పోడు కొట్టుకున్నారు. అడవిశాఖ వచ్చి పీకేస్తే మళ్లీ వేసుకున్నారు. సంతకు వచ్చి ఉప్పు, పొగాకు కొనుక్కుని పోతారు. రేషన్ కార్డు కోసం తిరిగి తిరిగి అరికాళ్లు అరిగినవాళ్లున్నారు. సర్కారుకు వాళ్లు అడవికొచ్చిన తెగులు. దొరల ఊరికి పడవలు పంపిన సర్కారూ సర్కారే, వీళ్ల చెలమ దాకా ఒక చేతిపంపు పంపలేనిదీ సర్కారే.

పోలవరం ఆనకట్ట సంగతి ఎత్తకూడదనుకుంటాను, ఎత్తకుండా ఉండలేను. దాని ముంపు పేరుతో 2014లో మా మండలంలో కొన్ని ఊళ్లను, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలను మొత్తంగా ఆంధ్రాలో కలిపారు. నిజాం నాటి హద్దు పోయిందని సంబరపడితే ఇంకో హద్దు పుట్టింది, ఈసారి ఏటికి ఇవతలే. మునిగే ఊళ్లవాళ్లకు జంగారెడ్డిగూడెం దగ్గర తాడువాయి వైపు కాలనీలు కట్టారు. మునక అంటే మాకు తెలియంది కాదు. 1986లో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, 2022లో 71.3 అడుగులు వచ్చినప్పుడు మా బజారంతా నీళ్లే. కానీ వరద తగ్గగానే మళ్లీ ఆ ఇంటికే వచ్చి బురద ఎత్తిపోసుకుని పొయ్యి పెట్టుకున్నాం. కాలనీకి వెళ్లిన మనిషికి ఆ పొయ్యి లేదు. ఇల్లుంది, ఏరు లేదు. చేప లేదు, ఇప్పచెట్టు లేదు, దుడ్డెకు మేత లేదు. కూలికి పోదామంటే కొత్త ఊరివాళ్లు ముందు తమవాళ్లనే పిలుచుకుంటారు. అది తప్పనీ అనలేం.

మా దూరపు చుట్టం ఒకావిడ అలాంటి ఒక కాలనీకి వెళ్లింది. మొదటి నెల ఉప్పు ప్యాకెట్టుకు కూడా ఆటో ఎక్కాల్సి వచ్చేసరికి, నష్టపరిహారం డబ్బులో కొంత తీసి వరండాలో చిన్న కొట్టు పెట్టింది. ఉప్పు, అగ్గిపెట్టెలు, జ్వరం బిళ్లలు, బీడీలు, పిల్లలకు బిస్కెట్లు. వారం తిరిగేసరికి వీధంతా అక్కడే కూర్చోవడం మొదలుపెట్టింది. పని కబుర్లు, పెళ్లి కబుర్లు, పాత ఊరి కబుర్లు. అరువుల చిట్టా కూడా మొదలైందట. అప్పుడెవరో ఆఫీసరు వచ్చి, ఇది నివాస గృహం, ఇందులో వ్యాపారం చేయకూడదు, తీసేయమని చెప్పి పోయాడు. చెప్పడూ మరి! ఆయన లేఅవుటులో కొట్టు లేదు కదా. తీసేశావా అమ్మా అని ఫోనులో అడిగాను. "తీసేస్తే వీధివాళ్లు ఊరుకుంటారా బాబాయ్, ఆయన వచ్చిన రోజున తలుపేస్తున్నాను" అంది.