మంచం ఎక్కిన శిఖరం

మూఢం రోజుల్లో ఫంక్షన్ హాళ్లకు పెళ్లిళ్లుండవు. అందుకని మా మైలార్‌దేవ్‌పల్లిలో ఒక హాలు ఆ ఆదివారం కథలకు చవగ్గా దొరికింది. పొద్దున వచ్చినవాడు సాయంత్రానికి కథకుడై వెళ్తాడని కరపత్రం. భోజనం కూడా ఉందన్నారు కాబట్టి వెళ్లాను.

శిక్షకుడు బోర్డు మీద త్రికోణం గీశాడు. "కథంటే విమానం. ఎత్తుగడ టేకాఫ్. సంఘర్షణతో పైకి లేస్తుంది, శిఖరం తాకి కిందికి దిగుతుంది. కొసమెరుపు ల్యాండింగ్" అన్నాడు. శంషాబాద్ పక్కనే బతుకుతున్నవాళ్లం, పోలిక తెగ నచ్చింది. నేనైతే బొమ్మ రెక్కలతో సహా వేసుకున్నాను.

ఆ త్రికోణం అసలు కథానికది కాదు. 1863లో గుస్తావ్ ఫ్రైటాగ్ అనే జర్మన్ రచయిత గ్రీకు విషాదాలనూ షేక్‌స్పియర్‌నూ ముందు పెట్టుకుని అయిదంకాల నాటకానికి కొలిచి కుట్టిన కోటు అది. నాలుగు పేజీల పిల్లాడికి తొడిగితే పిల్లాడు కనబడడు, కోటే నడుస్తుంటుంది. ఈ సంగతి హాల్లో చెప్పలేదు. భోజనాలు ఇంకా పెట్టలేదు.

తర్వాత అభ్యాసం. 1910లో ఆంధ్రభారతిలో అచ్చయిన గురజాడ 'దిద్దుబాటు'ను త్రికోణంలో కూర్చోబెట్టమన్నారు. సానిపాట విని అర్ధరాత్రి ఇల్లు చేరిన గోపాలరావుకు భార్య కమలిని కనబడదు, ఆవిడ ఉత్తరం కనబడుతుంది. కమలిని ఉన్నదేమో మంచం కింద. ఆవిడ శిఖరమా, దిగుడుమెట్టా అని మా బృందంలో పేచీ వచ్చింది. మంచం కింద ఉన్న మనిషిని శిఖరం మీద ఎలా చూపిస్తారని ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు పట్టుబట్టారు. చివరికి రాజీపడి మంచాన్నే శిఖరం మీదికి ఎక్కించాం.

భోజనాలయ్యాక ఇతివృత్తం. ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే అది కథే కాదట. మాకు చాసో 'ఎందుకు పారేస్తాను నాన్నా' వచ్చింది. బడి మానిపించిన కొడుకును తండ్రి చుట్టలు తెమ్మని పంపుతాడు. దారిలో బడి. కుర్రాడి కాళ్లు అక్కడే ఆగిపోతాయి. మా బృందం తేల్చిన ఇతివృత్తం: పొగతాగడం ఆరోగ్యానికి హానికరం. శిక్షకుడు మెచ్చుకున్నాడు, సామాజిక ప్రయోజనం ఉందన్నాడు.

పాపం, ఆయన్ని ఒక్కణ్నే అని లాభం లేదు. 'ఈ పాఠం కథానిక ప్రక్రియకు చెందినది' అని మొదలుపెట్టి 'ఈ కథ ద్వారా మనం తెలుసుకునేది' అని ముగించడం బడిలోనే ఒంటబట్టించుకున్నాం. గైడు కథను చెరకుగడలా గానుగలో పెట్టి నీతి పిండి, గ్లాసులో పోసి ఇస్తుంది. చెరకు నమిలిన పిల్లాడికి మార్కులు రావు. పెద్దయ్యాక అదే పిల్లాడు పోటీకి కథ పంపుతాడు, సందేశం ఒకటి, హామీపత్రం ఒకటి జతచేసి.

ఈ గానుగలో కాళీపట్నం రామారావు 'యజ్ఞం' వేసి చూడండి. తీర్చాల్సిన అప్పు, పంచాయితీ, కన్నకొడుకును చేతులారా చంపుకునే సీతారాముడు. ఆ ముగింపు మీద పెద్దపెద్ద విమర్శకులు దశాబ్దాలు కొట్టుకున్నారు. గైడుకైతే అర నిమిషం పని. అప్పు చేయరాదు. రెండు మార్కులు.

చుట్టల కొట్టుకు వెళ్లే దారిలో బడి ఉంది. చాసో శిల్పమంతా ఆ దారిలోనే ఉంది. కుర్రాణ్ని ఇంకో వీధిలోంచి పంపండి, చుట్టలొస్తాయి, కథ రాదు. ఏది దేనివల్ల జరిగిందో పట్టుకుంటే చాలు, త్రికోణం దానంతటదే చెరిగిపోతుంది. పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన'లో రావుగారు బతుకును నియమాలతో గళ్లుగీసుకున్న మనిషి. ఒక తుఫాను, ఒక ముష్టిమనిషి కలిసి ఆ గళ్లన్నీ చెరిపేశారు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో దానికి రెండో బహుమతి వచ్చింది. తుఫానుకు ముందరి రావుగారు మా హాల్లో ఉంటే నేరుగా బోర్డు దగ్గరే నిలబడేవారు.

సాయంత్రం సర్టిఫికెట్ పట్టుకుని ఆరాంఘర్ వెళ్లే షేర్ ఆటో ఎక్కాను. ఎదుటి సీట్లో కాటేదాన్ ఫ్యాక్టరీలో పని దిగి వస్తున్న ఇద్దరు ఆడవాళ్లు. దూరంగా ఒక విమానం లేస్తుంటే ఒకామె వేలెత్తి చూపించింది.

"మా అత్త ఇప్పటికీ పొద్దుగాల లేసి బాయికాడికి పోతా అంటది వదినా. ఆ బాయి ఏర్‌పోర్టుల పోయి ఎన్నేండ్లాయె! విమానం లేసినప్పుడల్లా, అగో మన బాయి మీదికెళ్లి పోతుందంటది."

2008 మార్చిలో మొదలైన విమానాశ్రయం. అయిదువేల ఎకరాల పైచిలుకు. నా చేతిలో నోట్సు ఉంది, రెక్కలున్న త్రికోణం ఉంది.

"మరి ఏమంటరు ఆమెతోని?" అంది రెండో ఆమె.

"ఏమంటం? నీళ్లు తోడుకొనిరా పో అంటడు మా ఆయన. చెంబు పట్టుకొని గేటు దాకా పోతది. ఆడ్నే కూసుంటది."

ఆరాంఘర్ ఇంకా రాకముందే ఇద్దరూ దిగిపోయారు.