ఒంటి డిస్కు రెయిడు, పది నిమిషాల లినక్సు

మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ఆపేసిన నాటి నుంచి పాత ల్యాప్‌టాప్‌లకు పునర్జన్మ ప్రసాదించే ప్రవక్తలకు కొరత లేదు. లినక్సు, అంటే మూలసంకేతాన్ని ఎవరైనా చదివి, మార్చి, పంచుకొనే వీలున్న ఆపరేటింగ్ సిస్టమ్, ఎలాంటి యంత్రం మీదనైనా పది నిమిషాల్లో ఎక్కి కూర్చుంటుందని, ఎక్కకపోతే లోపం యంత్రానిదో యజమానిదో తప్ప తమ ఉపదేశానిది కాదని వీరి సిద్ధాంతం. దీన్ని పరీక్షించడానికి ఖరగ్‌పూర్ బహు అనువైన ఊరు. ఒక పక్క 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన ఐఐటీ. మరో పక్క బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి వర్క్‌షాపు పనికి ఉత్తరాంధ్ర విడిచి వచ్చి మథురాకాటి వంటి పేటల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు. ఐఐటీ హాస్టల్లో పది నిమిషాలన్న మాట నిజమే కావచ్చు గాని, అదే మాట రైల్వే క్వార్టర్లో డిగ్రీ చదివే కుర్రవాడి ల్యాప్‌టాప్ దాకా వచ్చేసరికి డిస్కు దగ్గర చతికిలబడుతుంది.

పెన్‌డ్రైవ్ పెట్టగానే లినక్సు రకాల్లో ఒకటైన డెబియన్ ఇన్‌స్టాలర్ ఎంతో మర్యాదగా భాష అడుగుతుంది, జాబితాలో తెలుగు కూడా ఉంటుంది. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఖరగ్‌పూర్ తెలుగువారి కోరిక మన్నించి వారి భాషకు అధికార హోదా ఇవ్వడానికి 2020 డిసెంబరు దాకా ఆగిందన్నది తలుచుకుంటే ఇది చిన్న ఘనత కాదు. తీరా నాలుగు తెరలు దాటాక అదే ఇన్‌స్టాలర్ ఈ కంప్యూటర్లో డిస్కే లేదని తేల్చేస్తుంది. అయిదు నిమిషాల ముందు విండోస్ లేచింది ఆ డిస్కు మీది నుంచే. కొన్ని యంత్రాలపై లినక్సు కెర్నల్, అంటే యంత్రభాగాలతో నేరుగా మాట్లాడే లోపలి ప్రోగ్రాము, ఒక డిస్కు కనిపిస్తున్నదని, అయితే బయోస్‌లో, అంటే యంత్రం వెలగగానే ముందుగా నడిచే ప్రోగ్రాములో, అమరిక మార్చితేనే దాన్ని ముట్టుకుంటానని తన చిట్టాలో రాసిపెడుతుంది. ఆ చిట్టా తెరవడం తెలిసినవాడికి ఇన్‌స్టాలర్ అవసరమే ఉండదన్నది వేరే సంగతి.

ఈ మాయకు మూలం రెయిడ్. 1988లో బర్క్‌లీకి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ ప్రతిపాదించిన ఈ పద్ధతిలో అనేక చవక డిస్కులను జట్టుకట్టి, ఒకటి పోయినా మిగిలినవి సమాచారాన్ని కాపాడేటట్లు చేస్తారు. ఒక్కటంటే ఒక్క డిస్కు ఉన్న ల్యాప్‌టాప్‌ను కూడా రెయిడ్ అమరికలో పెట్టి అమ్మడం మాత్రం ఆ ముగ్గురికీ తట్టని ఆలోచన. ఆ అమరికలో ఇంటెల్ చిప్‌సెట్ వేగవంతమైన ఎన్‌వీఎంఈ డిస్కును తన వెనుక దాచేస్తుంది; తగిన డ్రైవరు, అంటే ఆ భాగాన్ని నడిపే చిన్న ప్రోగ్రాము, లేనిదే అది బయటికి కనిపించదు. 2016లో లెనోవో యోగా 900 తరహా ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో ఈ అమరికను మార్చే వీలే లేకుండా చేసి, గగ్గోలు లేచాక లినక్సు వాడుకరుల కోసం వేరే బయోస్ విడుదల చేశారు. ఇందులో విండోస్ భక్తులు మురిసిపోవలసిందీ ఏమీ లేదు, ఎందుకంటే ఇంటెల్ డ్రైవరును విడిగా అందించకపోతే విండోస్ ఇన్‌స్టాలరు కూడా ఇలాంటి చాలా యంత్రాల్లో డిస్కు లేదనే అంటుంది.

కంపెనీల పాపం కంపెనీలదే అయినా, ప్రవక్తల విశ్వరూపం చూడాలంటే ఆ తర్వాతి సలహా వినాలి: బయోస్‌లోకి వెళ్లి రెయిడ్ తీసేసి ఏహెచ్‌సీఐ పెట్టు, అంతే. ఏహెచ్‌సీఐ సాటా డిస్కులతో మాట్లాడే సాధారణ పద్ధతి; అది పెడితే చిప్‌సెట్ ఎన్‌వీఎంఈ డిస్కును దాచడం మానేస్తుంది కాబట్టి లినక్సుకు డిస్కు వెంటనే కనిపిస్తుంది, అందులో అబద్ధం లేదు. కానీ రెయిడ్ డ్రైవరుతో లేవడానికి అలవాటుపడిన విండోస్‌ను ముందుగా సేఫ్ మోడ్‌కు, అంటే కనీస డ్రైవర్లతో లేచే పద్ధతికి, సిద్ధం చేయకుండా ఈ మార్పు చేస్తే అది నీలి తెర వేసి కూలబడుతుంది. డిస్కు గుప్తీకరించి ఉంటే 48 అంకెల రికవరీ కీ కూడా అడగవచ్చు, అది ఎప్పుడో పాస్‌వర్డ్ మరచిన మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఈ రెండు ముక్కలూ ముందుగా చెబితే పది నిమిషాల లెక్క చెడుతుంది గనుక సలహాలో వాటికి చోటుండదు.

ఖరగ్‌పూర్ స్టేషన్లో 2017 నవంబరులో, రైలు ఏ దారిన పోవాలో తప్పు జరగకుండా నిర్ణయించే ఇంటర్‌లాకింగ్‌ను మార్చి సుమారు 800 దారుల కొత్త ఎలక్ట్రానిక్ వ్యవస్థ పెట్టినప్పుడు, రోజుల తరబడి రైళ్లు రద్దవుతాయని రైల్వే ముందే ప్రకటించింది. అక్కడ ఈ ప్రవక్తలుంటే పది నిమిషాల్లో అయిపోతుందని చెప్పి, బండి పట్టాలు తప్పితే ప్రయాణికుణ్ణే మాన్యువల్ చదవమనేవారు. వీరి ఆదిగురువు లైనస్ టోర్వాల్డ్స్‌కు ఈ ధీమా లేదు. 1991 ఆగస్టు 25న తన ప్రయత్నం గురించి లోకానికి చెప్పినప్పుడు, ఏటీ రకం హార్డ్‌డిస్కులు తప్ప మరేవీ ఇందులో బహుశా ఎన్నటికీ పనిచేయవని, ఎందుకంటే తన దగ్గర ఉన్నవి అవేనని ఆయన మొదటే ఒప్పేసుకున్నాడు. శిష్యుల పద్ధతి వేరు. విండోస్ ఇక లేవడం లేదని, అందులో ప్రాజెక్టు రిపోర్టు, అక్క పెళ్లి ఫొటోలు ఉన్నాయని ఆ కుర్రవాడు మొరపెట్టుకుంటే వారి దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు ఇది: మంచిదే అయింది, ఇప్పుడు డిస్కు మొత్తం లినక్సుకే ఇచ్చెయ్యవచ్చు.