తగిలితే నాటకం

మా ఎడిసన్‌లో తెలుగువాడెవడైనా లాటరీ వేశానన్నాడంటే అవతలివాడి ముఖంలో జాలి కనబడుతుంది. ఎన్నోసారి, ఏ కంపెనీ, లాయరెవరు అని వరసపెట్టి అడిగేస్తాడు. నా నెరిసిన జుట్టు చూసి, పాపం ఈ వయసులో కూడా వీసా దగ్గరే ఆగిపోయాడు కాబోలు అనుకుంటాడు. నేను వేసేది ఆ లాటరీ కాదు. హడ్సన్ నది దాటితే మన్‌హాటన్, అక్కడ బ్రాడ్‌వే నాటకాలకి టికెట్లు చవగ్గా ఇచ్చే లాటరీ. ఆ ముక్క చెప్పగానే జాలి ఇంకాస్త పెరుగుతుంది.

బ్రాడ్‌వేలో జనం మెచ్చిన నాటకానికి మధ్య వరసలో సీటు వంద డాలర్లు దాటడం మామూలే. ‘హామిల్టన్’ ఊపు మీదున్న 2016లో అన్నిటికన్నా ఖరీదైన సీటు ధర 849 డాలర్లకి పెంచారు. నలుగురం వెళ్లి ఆ సీట్లలో కూర్చుంటే ఆ ఏడు ఇండియా ప్రయాణం మానుకోవాల్సిందే. చవగ్గా చూడాలంటే టైమ్స్ స్క్వేర్‌లో 1973 నుంచీ టీకేటీఎస్ అనే కౌంటర్ ఒకటుంది. ఆ రోజు ఆటకి మిగిలిన టికెట్లు సగం ధర దాకా తగ్గించి అమ్ముతారు. కానీ అక్కడ దొరికేది మిగిలిన టికెట్. అసలు మిగలని నాటకానికి లాటరీ తప్ప దిక్కులేదు.

ఈ ఆచారం మొదలైంది ‘రెంట్’ అనే సంగీత నాటకంతో. అది రాసిన జొనాథన్ లార్సన్ తొలి ప్రదర్శన కూడా చూడకుండానే 35 ఏళ్లకి పోయాడు. 1996లో నాటకం బ్రాడ్‌వేకి వచ్చింది. కథేమో అద్దె కట్టలేని కుర్ర కళాకారులది. చూసేవాళ్లు మాత్రం అద్దెలు వసూలు చేసుకునే వర్గమైతే బాగోదని నిర్మాతలకి తోచింది. మొదటి రెండు వరసలూ 20 డాలర్లకే ఇస్తామన్నారు. ఇలా ఎక్కడా విననట్టు అందరూ ఆశ్చర్యపోయారుగానీ మనకిందులో కొత్తేముంది? తెనాలిలో నేల టికెట్ కొన్నవాడు తెర కిందే కూర్చుని మెడ పైకెత్తి ఎన్టీ రామారావుని చూశాడు, బాల్కనీవాడు వెనకాల కూర్చుని డబ్బులెక్కువ కట్టాడు. బ్రాడ్‌వేవాళ్లు మన నేల టికెట్‌నే తీసుకెళ్లి మహాప్రసాదం చేశారు.

ఆ మహాప్రసాదం కోసం కుర్రాళ్లు ముందురోజు రాత్రే దుప్పట్లు తెచ్చుకుని 41వ వీధి పేవ్‌మెంట్ మీద పడుకోవడం మొదలుపెట్టారు. క్యూలో ఎవడు ముందొస్తే వాడిదే టికెట్ కాబట్టి, నిద్ర మానగలిగినవాడికీ, చలికి ఓర్చినవాడికీ, మర్నాడు ఉద్యోగం లేనివాడికీ దొరికేది. చివరికి ఆ క్యూ తీసేసి డిప్ పెట్టారు. ఆట మొదలవడానికి రెండు, రెండున్నర గంటల ముందు రండి, చీటీ రాసి వెయ్యండి, పేరొస్తే టికెట్. ఆ పద్ధతిని తర్వాత ‘వికెడ్’ పట్టుకుంది, ‘బుక్ ఆఫ్ మోర్మన్’ పట్టుకుంది, ఆఖరికి 2015లో ‘హామిల్టన్’ పట్టుకునేసరికి 46వ వీధిలో కార్లు కదలడం మానేశాయి.

ఆ ఎండాకాలం మా మావగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. ఆయన పద్యనాటకాల మనిషి. కంఠతా వచ్చిన పద్యాలు మొదట్నుంచీ చివరిదాకా పాడుకుంటూ మా సింకులో గిన్నెలు కడిగేవారు. నాటకం టికెట్లకి లాటరీ అంటే నమ్మలేదు.

“నాటకానికి ఎగబడతారా, అల్లుడుగారూ? మన దగ్గర పాసులు ఇంటికి పంపిస్తే కూడా రారే!”

సరే, చూద్దురుగాని రండి మావయ్యగారూ అని తీసుకెళ్లాను. రిచర్డ్ రోడ్జర్స్ థియేటర్ ముందు వందల మంది. టికెట్ పది డాలర్లు, ఎందుకంటే పది డాలర్ల నోటు మీద బొమ్మ ఆ అలెగ్జాండర్ హామిల్టన్‌దే. ముందు వరసలో సీట్లు 21. మావగారు ఆ జనాన్ని చూసి కాసేపు మాట్లాడలేదు. కోపమొచ్చిందనుకున్నాను. కాదు, కుళ్లు.

చీటీ రాయడంలో కూడా శాస్త్రం ఉందని అక్కడే తెలిసింది. చీటీ సాఫీగా ఉంటే అడుక్కి జారిపోతుందనీ, విసనకర్రలా మడతలు పెడితే తీసేవాడి వేళ్లకి తగులుతుందనీ మా పక్కన నిలబడ్డ కాలేజీ పిల్ల చెప్పింది. ఆమె పక్కనున్నవాడు అదంతా ఉత్తదే, నేను ఉండ చుడతానన్నాడు. మావగారు ఇద్దరి మాటా విని, ఒక మూల కొద్దిగా చించి వేశారు. పేకాటలో అలవాటు లెండి.

పేర్లు చదివే కుర్రాడు మైకులో గుక్క తిప్పుకోకుండా చదువుతున్నాడు. స్మిత్, జాన్సన్, గార్సియా, గెలిచినవాళ్ల కేకలు, ఓడినవాళ్ల చప్పట్లు. ఇలాంటి చోట మన పేరు వచ్చిందీ లేనిదీ చెవులతో వినక్కర్లేదు. చదివేవాడు చీటీ తీసి, కళ్లు చిట్లించి, ఊపిరి పీల్చుకుని ఆగిపోతే అది మనమే. మావగారి పేరులో ఊరూ, తాతా, ఇద్దరు దేవుళ్లూ ఉన్నారు. కుర్రాడు ఒకసారి నిజంగానే ఆగాడు. మావగారు నా చెయ్యి పట్టుకుని ముందుకి లాగేశారు. తీరా చూస్తే అది ఎవరో పోలెండ్ ఆయన పేరు.

ఓడిపోయాం. కానీ ఓడేవాళ్లని ఊరికే పంపడం ఇష్టంలేక, పేర్లు తీయకముందే, ఆ నాటకం రాసి, అందులో హామిల్టన్ వేషం వేసే లిన్ మాన్యుయెల్ మిరాండా తన నటుల్ని థియేటర్ బయటికి తీసుకొచ్చి అయిదు నిమిషాల ముచ్చట ఒకటి చేయించేవాడు. ఒకరోజు పాట, ఒకరోజు నాట్యం, ఒకరోజు వేరే నాటకంవాళ్లు చుట్టపుచూపుగా రావడం. దానికి ‘హామ్ ఫర్ హామ్’ అని పేరు కూడా పెట్టుకున్నారు. మేం వెళ్లినరోజు పాట. అయిపోగానే మావగారు రెండు చేతులూ పైకెత్తి, 46వ వీధి దద్దరిల్లేలా “వన్స్ మోర్!” అన్నారు. తెనాలిలో ఆ కేకకి కృష్ణుడు కూడా రథం దిగి పద్యం మళ్లీ పాడతాడు. ఇక్కడ నటులు దణ్ణం పెట్టి లోపలికి పోయారు. “పద్ధతి తెలీదు పాపం,” అన్నారు మావగారు. తిరుగు రైల్లో మాత్రం ఎడిసన్ దాకా ఆ నాటకం గురించే మాట్లాడారు, చూసినట్టే.

2016 జనవరిలో, చలికాలం కదా అని, ఆ లాటరీని ఆన్‌లైన్‌లోకి మార్చారు. మొదటిరోజే 50,000 మందికి పైగా ఎగబడితే సైటు కుప్పకూలింది. గుమ్మం ముందు వందల్లో ఉన్నవాళ్లు ఒక్కసారి వేలల్లోకి ఎలా పోయారు? వీధిలో లాటరీకి కూడా ఒక ధర ఉండేది, చీటీ మీద వేసేవాళ్లు కాదంతే. రానూపోనూ రైలు ఛార్జీ, సగం రోజు సెలవు, చంటిపిల్లని ఎవరికో అప్పగించడం, జనవరి గాలికి చెవులు. ఆ ధర కట్టగలిగినవాళ్లే వచ్చేవారు. ఫోన్‌లో పేరు కొట్టడానికి ఏ ధరా లేదు కాబట్టి అమెరికా అంతా వచ్చి పడింది.

ఇది మనవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. హెచ్1బీ అనే ఉద్యోగ వీసా లాటరీకి ఒకప్పుడు కంపెనీలు కాగితాల కట్టలు తయారుచేసి ఏప్రిల్ మొదట్లో కొరియర్‌లో పంపేవి. 2020లో ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ పెట్టి రుసుము పది డాలర్లన్నారు. హామిల్టన్ టికెట్ ధరే! ఉన్న వీసాలు 85,000. 2023 మార్చిలో వచ్చిన రిజిస్ట్రేషన్లు 7.8 లక్షలు. ఒకే కుర్రాడి పేరు అయిదు కంపెనీల నుంచి వెళ్లింది కూడా అందులో ఉంది. తర్వాతి ఏడు నుంచి ఎన్ని వేసినా మనిషికి ఒకటే లెక్క అన్నారు, 2025లో రుసుము 215 డాలర్లు చేశారు. నాటకాలవాళ్లు ఇంకా నయం, మనిషికి ఒక్కసారే అని ముందే రూలు పెట్టుకున్నారు.

ఆన్‌లైన్ లాటరీని తిట్టాలని నాకు లేదు. రాత్రి డ్యూటీ చేసే నర్సూ, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లూ, ఎక్కడో బఫెలోలో ఉండి ఆదివారం వద్దామనుకున్నవాళ్లూ 46వ వీధిలో నిలబడలేరు కదా. వాళ్లకి ఇది న్యాయం. అయితే నా అభిప్రాయం చెబుతాను, మీరు ఒప్పుకోకపోయినా సరే. గెలవడం ఎక్కడైనా ఒకటే, టికెట్ చేతికొస్తుంది. తేడా అంతా ఓడిపోవడంలో ఉంది. వీధిలో మూడొందల మందితో కలిసి ఓడితే అదొక సాయంత్రం. ఎవడో గెలిచి ఏడుస్తుంటే చూస్తాం, పోలెండ్ ఆయన మీద అసూయ పడతాం, పిజ్జా తిని ఇంటికొస్తాం. ఫోన్‌లో ఓడితే మెయిల్ వస్తుంది. అదీ మన పేరు తప్పు లేకుండా రాసి. నేను ఆఫీసు బస్సులో కూర్చుని పొద్దున్నే నాలుగైదు నాటకాలకి పేరు, పుట్టినరోజు కొట్టి, రోబోని కానని ప్రమాణం చేసి, ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలన్నీ నొక్కుతాను. మధ్యాహ్నానికి అన్నిటి దగ్గర్నుంచీ ఒకే రకం విచారం.

ఆ విచారాన్ని ఎలా దిగమింగాలో మా అత్తగారికి తెలుసు. తిరుమల ఆర్జిత సేవలకి కూడా ఇప్పుడు ఎలక్ట్రానిక్ డిప్పే కదా. ఆవిడ తెనాలి నుంచి సుప్రభాతానికి వేస్తూనే ఉంటారు. రాకపోతే, “స్వామి పిలవలేదు, మన టైము రాలేదు,” అంటారు, కందిపప్పు ఏరుకుంటారు. 120 రూపాయల టికెట్ రానందుకు దేవుడి మీద కూడా కోపం లేదు. నాకు ఆ సౌకర్యం లేదు. నన్ను పిలవనిది ఒక కంప్యూటర్ అని తెలిసి తెలిసి, దాని చుట్టూ ప్రదక్షిణాలు ఎలా చెయ్యను?

మొన్న మార్చిలో తగిలింది. పేరు చెప్పను గానీ మంచి నాటకమే, పక్క వరస, స్తంభం అడ్డం, అందుకే ఆ ధర. మెయిల్ వచ్చిన గంటలోపు డబ్బు కట్టాలి, లేకపోతే ఇంకొకళ్లకి పోతుంది. నేను చూసేసరికి పది నిమిషాలుంది. కార్డు నంబరు కొట్టి, కట్టేశాక, ఆఫీసని మరిచిపోయి “లాటరీ తగిలింది!” అని గట్టిగా అనేశాను, తెలుగులోనే.

మార్చి నెలాఖరు, వీసా లాటరీ ఫలితాలొచ్చే రోజులు. మా ఫ్లోర్లో చదువయ్యాక ఓపీటీ అనే తాత్కాలిక అనుమతి మీద పనిచేస్తున్న కుర్రాళ్లు నలుగురు తలలెత్తారు. అందులో మా నల్గొండ కుర్రాడు పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకున్నాడు.

“అన్నా! లాయరెవరు?”

“లాయర్ లేడు తమ్ముడూ. నేనే వేసుకున్నాను, ఫోన్లో.”

“ఫోన్లోనా! ఎన్ని కంపెనీల నుంచి?”

“ఇది నాటకానికయ్యా. రెండు టికెట్లు.”

వాడు నన్ను వదిలేసి ఒక అడుగు వెనక్కి వేశాడు. కాసేపు లెక్కలు వేసుకున్నట్టున్నాడు.

“వదిన వస్తానందా అన్నా?”