వైట్‌బోర్డు ఆత్మకథ

ఓపెన్ సోర్స్ జట్టు తన పనుల జాబితా ఎక్కడ పెట్టుకోవాలన్న ప్రశ్నకు భిలాయ్‌లోని ఒక క్వార్టర్‌లో దొరికిన మొదటి జవాబు ఈ వైట్‌బోర్డు. నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు, తెల్లపూత పూసిన ఉక్కు రేకు. భిలాయ్‌లో ఉన్నంత మాత్రాన ఇది భిలాయ్ ఉక్కు కాదు. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన ఆ కర్మాగారం రైలు పట్టాలకూ మందపాటి ప్లేట్లకూ పేరుపడింది గాని ఇంత పలచటి రేకుకు కాదు. తన కథ తానే చెప్పుకుంటున్నా ఈ బోర్డు ‘నేను’ అనదు. దాని మీద రాసిందేదీ దాని సొంతం కాలేదు మరి.

ఆ ఇంటి పెద్దాయన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కర్మాగారంలో చేరినవాడు. ఇంజినీరింగ్ చదువుతున్న కొడుకూ ముగ్గురు స్నేహితులూ తెలుగు రాతలో అచ్చుతప్పులు పట్టే చిన్న ప్రోగ్రాం మొదలుపెట్టి, బోర్డును మూడు గడులుగా గీశారు: చెయ్యాలి, చేస్తున్నాం, అయింది. టయోటా కార్ల ఫ్యాక్టరీల్లో పుట్టిన కాన్‌బాన్ చీటీల పద్ధతే ఇది. అయస్కాంతం కింద ఒక చీటీ: ‘ళ్ళు బదులు ళ్లు రాస్తే తప్పనకూడదు.’ దాని మీద మూడు చేతిరాతలు, రెండు కొట్టివేతలు, ఒక టీ మరక. రెండు నెలలైనా మధ్య గడి దాటలేదు.

బోర్డుకు పాస్‌వర్డ్ అక్కర్లేదు, నేర్చుకోవలసిందీ లేదు. కాకపోతే చూడాలంటే ఆ ఇంట్లోకి రావాలి. ఒకడు ఉద్యోగానికి విశాఖపట్నం వెళ్ళాక బోర్డు ఫొటోలు వాట్సాప్‌లో తిరిగాయి. పాత ఫొటో చూసి ఒకడు, కొత్తది చూసి మరొకడు ఒకే వారంలో ఒకే పని చేశారు. ఓపెన్ సోర్స్‌లో హాజరుపట్టీ ఉండదు, పై అధికారి ఉండడు. రేపు సాయానికి వచ్చేది ముక్కూమొహం తెలియని మనిషి. కంపెనీల కోసం చేసిన సాధనాల్లో గంటల లెక్కలు, శాతాల పటాలు ఇలాంటి జట్టుకు బరువే.

నైట్ షిఫ్టు నుంచి వచ్చిన పెద్దాయన ఆ ఫొటోల గొడవ విని, “షిఫ్టు మారినప్పుడు లాగ్‌బుక్ తెరిస్తే ఏది ఎక్కడ ఆగిందో తెలిసిపోవాలిరా. పోయినవాడికి ఫోన్ చేసి అడిగితే అది లాగ్‌బుక్ ఎలా అవుతుంది?” అన్నాడు. సాధనం ఎంపికకు ఇంతకు మించిన కొలత ఇంకా కనబడలేదు.

ఆ కొలతతో చూస్తే, ట్రెల్లో అచ్చం ఈ బోర్డులాగే ఉంటుంది గాని చీటీ ఒకచోట, కోడ్ మరోచోట. 2006 నాటి రెడ్‌మైన్ ఉచితం, సొంత సర్వర్లో పెట్టుకోవచ్చు. గిట్‌ల్యాబ్‌నూ అలాగే నడుపుకోవచ్చు. డెబియన్, గ్నోమ్ అనే ఓపెన్ సోర్స్ జట్లు 2018లో దానికి మారాయి. అయితే అర్ధరాత్రి సర్వర్ పడిపోతే లేచేదెవరు? నలుగురిలో ఎవరూ చెయ్యెత్తలేదు. గిట్‌హబ్‌లో జాబితా కోడ్ పక్కనే ఉంటుంది, ఖాతా లేకపోయినా ఎవరైనా చదవచ్చు, ప్రోగ్రాంలు రాసే చాలామందికి అక్కడ ఖాతా ముందే ఉంది. కానీ అది మైక్రోసాఫ్ట్ సొత్తు, దాని లోపలి కోడ్ మూసి ఉంటుంది.

మూసిన సాధనం మీద ఆధారపడాలంటే ఉన్న భయం ఊరికే పుట్టింది కాదు. లినక్స్ కెర్నల్ జట్టు 2002లో కోడ్ మార్పుల లెక్కకు బిట్‌కీపర్ అనే మూసిన సాధనాన్ని పట్టుకుంది. 2005లో ఉచిత అనుమతి పోయింది. లైనస్ టోర్వాల్డ్స్ కూర్చుని దాని బదులు గిట్ రాసుకున్నాడు. అందరూ టోర్వాల్డ్స్‌లు కారు. గూగుల్ కోడ్ అనే ఇలాంటి వేదిక 2016లో మూతపడితే అక్కడి జట్లు మూటాముల్లె సర్దుకోవలసి వచ్చింది. దీనికి ఎదురు ఉదాహరణ తెలుగువాళ్ళకు దగ్గరిదే. తెలుగు వికీపీడియా సాంకేతిక లోపాలు నమోదయ్యే ఫాబ్రికేటర్‌ను వికీమీడియా 2014లో తెచ్చుకుంది. దాన్ని తయారుచేసిన సంస్థ 2021లో చేతులెత్తేసినా, కోడ్ బాహాటంగా ఉంది గనుక ఇతరులు ఫోర్జ్ పేరుతో దాన్ని కొనసాగిస్తున్నారు.

చివరికి గిట్‌హబ్ ఖాయమైంది, ఒక షరతు మీద: నెలకోసారి జాబితా మొత్తం దించి ఇంట్లో డిస్కులో దాచాలి. గడులు మూడే, బోర్డు మీది పేర్లతోనే. ఇప్పుడు ఈ బోర్డు మీద పాల లెక్క, పెద్దాయన షిఫ్టులు ఉంటాయి. ‘ళ్ళు’ చీటీ మాత్రం మధ్య గడిలోనే ఉంది. గిట్‌హబ్ జాబితాలోనూ ఆ పని ఇంకా మూయలేదు.